వేయి అడుగుల అంతరం

భాషాబోధనలో జీవితం గడిపిన నన్ను చర్ఖీ దాద్రీ దుర్ఘటన నేటికీ కలచివేస్తుంది.

1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుండి పైకెగసిన సౌదీ విమానానికి 14,000 అడుగులు, దిగివస్తున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు నిర్దేశించారు. ఎదురుగా 14,000 అడుగుల ఎత్తున మరొక విమానమున్నదనీ హెచ్చరించారు. అయినా కజక్ విమానం తన హద్దు దాటి క్రిందికి దిగింది. రెండింటిలోని 349 మందీ మరణించారు.

ఆంగ్లం చాలినంత రాక, ఆ వైమానికులు ఆదేశాన్ని అపార్థం చేసుకొన్నారని న్యాయమూర్తి లాహోటీ విచారణ సంఘం తేల్చింది. నిజమే. కాని అప్పటి ఢిల్లీ రాడారు విమానాల ఎత్తును చూపేది కాదు, నోటిమాటే ఆధారం. రాకపోకలకు వేరు మార్గాలు ఆ తరువాతనే వచ్చాయి, విమానాలలో ఢీకొనకుండా హెచ్చరించే యంత్రాలు భారతదేశంలో ఆ తరువాతనే తప్పనిసరి అయ్యాయి.

మాట తప్పుగా గ్రహించినవారిది ఎంత దోషమో, గ్రహించారో లేదో తెలుసుకొనే సాధనం సమకూర్చనివారిదీ అంతే దోషమని నా అభిప్రాయం. మీరేమంటారు?