విడిదిళ్లూ, పనివాళ్ల కొట్టాలూ

పాత భవనాలను కాపాడడాన్ని గూర్చి చర్చ వచ్చినప్పుడల్లా మన అభ్యుదయవాదుల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. "దోపిడీ సొమ్ముతో లేచిన గోడలు, కూలితే కూలనీ, మనకేం?" అనేది ఒకటి. "రాయి మోసిన కూలీ ఏం పాపం చేశాడు? భవనం దొరదైనా పనితనం ప్రజలది, కాబట్టి కాపాడవలసిందే" అనేది రెండవది. మొదటిదానిలో ఆగ్రహం వున్నది. రెండవదానిలో ఔదార్యం వున్నది. కాని కాపాడేవాళ్లు అసలు దేనిని కాపాడుతున్నారు, దేనిని కూలిపోనిస్తున్నారు అన్న విచారణ రెండింటిలోనూ లేదు. భవనమంటే ఒకే వస్తువన్నట్టు ఇరుపక్షాలూ మాట్లాడతాయి. పెద్ద ఇల్లు ఏదైనా సరే, అందులో రెండు ఇళ్లుంటాయి.

ఈ మాటను రుజువు చేయడానికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. న్యూయార్కు రాష్ట్రానికి ఉత్తరాన అడిరాండక్ కొండలున్నాయి. దాదాపు 60 లక్షల ఎకరాల ఆ ప్రాంతమంతా సరస్సులు, స్ప్రూస్ అడవులు. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాతికేళ్లలో అమెరికన్ మహాధనికులు ఆ అడవుల్లో వేసవి విడుదులు కట్టుకున్నారు. వాటిని వాళ్లు వినయంగా "క్యాంపులు" అన్నారు. డేరాలు కావవి, ఇరవై ముప్పై కట్టడాలతో, సొంత పొలాలతో, వందల వేల ఎకరాల అడవితో వున్న చిన్న సంస్థానాలు. రెండు వేసవుల్లో నేను వాటిలో కొన్నింటిని తిరిగి చూశాను. చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి గనుక గోడకంటే ముందు గోడ వెనకాల వున్న లెక్కలపుస్తకాన్ని వెదకడం నాకు అలవాటు.

ఆ లెక్కలపుస్తకం రైలుమార్గాలతో మొదలవుతుంది. ఈ విడుదుల శైలికి మూలపురుషుడుగా విలియమ్ వెస్ట్ డ్యూరాంట్ (1850–1934) పేరు చెబుతారు. అతని తండ్రి థామస్ డ్యూరాంట్ యూనియన్ పసిఫిక్ రైల్వే ఉపాధ్యక్షుడు. ఆ కంపెనీ డైరెక్టర్లే క్రెడిట్ మొబిలియే అనే మరో సంస్థ పెట్టుకుని, తమ రైలుమార్గం కంట్రాక్టును తామే తీసుకుని, ప్రభుత్వధనాన్ని రెండు చేతులా మింగిన బాగోతం 1872లో బయటపడింది. 1869 మే నెలలో, తూర్పు పడమరల పట్టాలు కలిసే ఉత్సవానికి ఈయన ప్రత్యేక రైల్లో వెళుతుండగా, నెలల తరబడి జీతాలు అందని కూలీలు వ్యోమింగులోని పీడ్మాంట్ దగ్గర ఆయన పెట్టెను గొలుసులతో కట్టివేసి, బాకీ చెల్లిస్తేనే కదలనిస్తామన్నారు. ఆ ఉత్సవం మే 10కి వాయిదా పడడానికి ఇదొక కారణం. పాఠ్యపుస్తకాల్లో బంగారు మేకు బొమ్మ వుంటుంది; గొలుసు బొమ్మ వుండదు.

ఆ తండ్రి అడిరాండక్ రైలుమార్గం పేరిట సంపాదించిన లక్షల ఎకరాలలో కొడుకు విడుదులు కట్టి అమ్మాడు. రాకెట్ సరస్సు మీద 1870ల చివర మొదలుపెట్టిన పైన్ నాట్‌ను 1895లో కాలిస్ హంటింగ్టన్ కొన్నాడు. ఈ హంటింగ్టన్ సెంట్రల్ పసిఫిక్ రైల్వే యజమానుల్లో ఒకడు. 1867 జూన్‌లో ఆ కంపెనీ కోసం సియెర్రా కొండల్ని తొలుస్తున్న వేలాది చీనా కార్మికులు తెల్లవాళ్లతో సమానమైన వేతనం, తక్కువ పనిగంటలు కోరి సమ్మె కడితే, కంపెనీ వాళ్లకు తిండిగింజలు ఆపి వారంలో లొంగదీసింది. అంకస్ అనే మరో విడిది బ్యాంకరు మోర్గన్ చేతికి వెళ్లింది. సగమోర్ అనే మూడవదాన్ని 1901లో ఆల్ఫ్రెడ్ వాండర్‌బిల్ట్ కొన్నాడు. రైల్వేల వాండర్‌బిల్ట్‌కు మునిమనుమడతను. పేర్లు కూడా గమనించండి. అంకస్ అనేది ఫెనిమోర్ కూపర్ నవలలోని ఆదివాసి వీరుడి పేరు. సగమోర్ అంటే అల్గాంక్వియన్ భాషల్లో నాయకుడు. నేల మీద మనిషిని లేకుండా చేసిన తరువాత అతని పేరును గేటుకు తగిలించుకోవడం వలసపాలకుల పాత అలవాటే.

ఇక సగమోర్‌కు వద్దాం. 1897 నాటికి పూర్తయిన ప్రధాన భవనం సరస్సు ఒడ్డున స్విట్జర్లండు ఇళ్ల తరహాలో నిలబడి వుంటుంది. దుంగలకు బెరడు తీయకుండా కట్టడం ఈ శైలి ప్రత్యేకత. చూసినవాళ్లు "ఎంత సహజంగా వుంది!" అంటారు. ఈ సహజత్వం ఎలా తయారయిందో ఒక్క క్షణం ఆలోచించాలి. వసంతంలోనో వేసవిలోనో నరికిన మానుకు బెరడు వూడిపోతుంది. చలికాలంలో, రసం పారనప్పుడు నరికినదానికే అంటిపెట్టుకుని వుంటుంది. అంటే వేసవిలో వచ్చే అతిథుల కంటికి ఇంపుగా వుండడం కోసం మనుషులు నడుములోతు మంచులో గొడ్డలి పట్టుకున్నారన్నమాట. ఆ అతిథుల గ్లాసుల్లో మంచుముక్కల కథా ఇదే. గడ్డకట్టిన సరస్సును చలికాలంలో రంపాలతో పలకలుగా కోసి, కొట్టుకు చేర్చి, రంపపుపొట్టులో కప్పిపెట్టేవారు. విడిదిలో యజమాని వుండేది ఏడాదికి కొన్ని వారాలు. ఏడాది పొడుగునా వుండేది పనివాడు.

ఆ పనివాళ్ల ఊరు ప్రధాన భవనానికి కనిపించనంత దూరంలో, అడవిలో వున్నది. కమ్మరి కొలిమి, వడ్రంగి పని కొట్టు, గొడ్ల చావిడి, కోళ్ల గూడు, మంచు కొట్టు, పనివాళ్ల పిల్లలకు బడి – అన్నీ అక్కడే. పెద్ద ఇంటి తలుపుల ఇనుప బందులు ఆ కొలిమిలో సాగగొట్టినవే. నాకు అన్నింటికంటె ఎక్కువసేపు నిలబడాలనిపించినది ఆ కొలిమి దగ్గరే.

ఆ కొలిమి నేటికీ నిలిచివుండడం వెనుక ఒక రాజ్యాంగ సవరణ వున్నది. అదే నేను చెప్పదలచిన అసలు చరిత్ర.

ఆల్ఫ్రెడ్ వాండర్‌బిల్ట్ 1915లో లూసిటేనియా ఓడతోపాటు మునిగిపోయాడు. అతని భార్య 1954లో సగమోర్‌ను సిరక్యూజ్ విశ్వవిద్యాలయానికి దానమిచ్చింది. 1975లో విశ్వవిద్యాలయం దాన్ని అమ్మకానికి పెట్టింది. చుట్టూ వున్న అడవిని రాష్ట్రప్రభుత్వం తీసుకున్నది. సరస్సు ఒడ్డున వున్న ప్రధాన భవనాలు, వాటిని కాపాడతామన్న హామీ మీద, లాభాపేక్ష లేని ఒక విద్యాసంస్థ చేతికి వచ్చాయి. గీత గీసినప్పుడు పనివాళ్ల ఊరు రాష్ట్రం పక్షాన, అంటే అడవి పక్షాన పడింది. రాష్ట్రానికి చెందిన అడిరాండక్ అడవి శాశ్వతంగా వన్యంగానే వుండాలని న్యూయార్కు రాజ్యాంగంలో 1894 నాటి నిబంధన వున్నది. ఆ భూమిలో కట్టడాలు వుండరాదు. ఫలితమేమిటి? యజమాని బంగళా చారిత్రక సంపద. పనివాడి కొలిమి అడవికి అడ్డం! దీన్ని ఎవరూ కుట్రగా చేయలేదు. సర్వేపటం మీద ఒక గీత చాలింది. వర్గసమాజంలో చాలా పనులు ఇలాగే, ఎవరి దురుద్దేశమూ లేకుండానే జరిగిపోతాయి.

ఆ కొట్టాలను దక్కించుకోవాలంటే రాజ్యాంగాన్ని మార్చాలి. మార్చాలంటే రాష్ట్రప్రజలు వోటు వేయాలి. 1983లో వేశారు. కట్టడాలున్న సుమారు 10 ఎకరాలను సగమోర్ సంస్థకు ఇచ్చి, బదులుగా సుమారు 200 ఎకరాల అడవిని రాష్ట్రం పుచ్చుకునేటట్లు సవరణ ఆమోదం పొందింది. నేటికీ ఆ మాట ఆ రాజ్యాంగం పద్నాలుగవ అధికరణంలో చదువుకోవచ్చు. కోళ్ల గూటినీ కమ్మరి కొలిమినీ నిలబెట్టడానికి ఒక రాష్ట్రం రాజ్యాంగాన్నే సవరించుకున్న ఘట్టం చరిత్రలో తరచుగా దొరికేది కాదు.

ఇక్కడ ఒక అపోహకు తావివ్వకూడదు. అడవి నిబంధన ప్రజలకు శత్రువు కాదు. కలప కంపెనీలు కొండల్ని బోడి చేస్తుంటే పుట్టిన నిబంధన అది. నదుల్లో, కాలువల్లో నీరు తగ్గి తమ సరుకు రవాణా ఆగిపోతుందన్న న్యూయార్కు వర్తకుల భయం కూడా దాని వెనుక వున్నమాట నిజమే. అయినా దానివల్ల లక్షల ఎకరాలు కంపెనీల చేతికి పోకుండా నిలిచాయి. ఆ అడవిని అసలు కంచె వేసి మూసింది ధనికులే. విలియమ్ రాక్‌ఫెల్లర్ బ్రాండన్ అనే ఊరిచుట్టూ భూములు కొని, ఇళ్లు పడగొట్టించి, చుట్టూ నిషేధపు బోర్డులు పెట్టించాడు. ఆలివర్ లమోరా అనే ముసలి సిపాయి, అంతర్యుద్ధంలో పనిచేసినవాడు, ఎప్పటిలాగే అక్కడి యేటిలో చేపలు పట్టాడు. రాక్‌ఫెల్లర్ దావా వేశాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ వ్యాజ్యంలో చివరికి జూరీ ఆ కోటీశ్వరుడికి ఇప్పించిన నష్టపరిహారం 18 సెంట్లు. ఆ తీర్పు రాసినవాళ్లకు హాస్యరసం బాగా తెలుసు.

1984లో నెహసేన్ అనే మరో విడిది భవనాన్ని, అది రాష్ట్రపు అడవిలో చేరినందున, ప్రభుత్వమే తగలబెట్టించింది. కొందరు మిత్రులకు ఇది సంతోషం కలిగించవచ్చు. నాకు కలగలేదు. యజమానులు అప్పటికే వెళ్లిపోయారు. కాలినది వడ్రంగుల పని.

శాంటనోనీ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆల్బనీ బ్యాంకరు రాబర్ట్ ప్రూయిన్ 1892–93లో కట్టించిన విడిది. ప్రధాన భవనానికే సుమారు 1,500 స్ప్రూస్ మానులు పట్టాయి. 1972లో రాష్ట్రానికి వచ్చి, ఇరవై ఏళ్లు పాడుబడింది. తరువాత రాష్ట్రం, న్యూకోంబ్ గ్రామపాలన, 1990లో ఏర్పడిన ఒక వారసత్వ సంస్థ కలిసి మరమ్మతు చేయిస్తూ వచ్చాయి. కుళ్లిన దుంగను కోసి, అదే జాతి దుంగను అదే కొలతకు చెక్కి, పాత కీలులోనే ఇరికించాలి. ఆ పని చేస్తే తప్ప పాత వడ్రంగి ఎంతటివాడో తెలియదు. అక్కడికి మోటారు పోదు; గేటునుంచి ఐదు మైళ్లు నడవాలి. దారిలో ఆ విడిదికి పాలూ వెన్నా పంపిన పొలం వస్తుంది. దాని పెద్ద గొడ్లచావిడి 2004లో కాలిపోయింది.

వీటన్నింటికీ ఎదురుగా నిలబెట్టదగిన విడిది ఒకటి ఖండానికి ఆవలి కొసన, ఓరెగాన్‌లోని హుడ్ కొండమీద వున్నది. పేరు టింబర్‌లైన్. మహామాంద్యంలో ప్రభుత్వ ఉపాధిపథకం కింద 1936–38 మధ్య నిరుద్యోగులు కట్టినది. నిపుణులకు గంటకు 90 సెంట్లు, కూలీలకు 55 సెంట్లు. పారేసిన కరెంటు స్తంభాలను చెక్కి మెట్ల కంబాలు చేశారు. పాత రైలుపట్టాలను వంచి నెగడు దగ్గర కట్టెలాన్చే ఇనుములు చేశారు. పాత దుప్పట్లు చీల్చి తివాచీలల్లారు. అల్లినవాళ్లు నేత నేర్చుకున్న స్త్రీలు. 1937 సెప్టెంబరు 28న రూజ్వెల్టు ప్రారంభించాడు. ఇది సోషలిజం కాదు. పెట్టుబడిదారీ వ్యవస్థ తన గండం గడవడానికి వేసుకున్న వంతెన. ఆ పథకంలోనే భాగమైన ప్రజానాటకశాలను 1939లో చట్టసభ మూసివేయడం చూస్తే వంతెన ఎంత ఇరుకో తెలుస్తుంది. అయినా ఒక తేడా వున్నది. ఇక్కడ పనివాడి ఇల్లు వెనకాల దాగిలేదు. పనితనమే ముంగిలి. 1955లో కరెంటు బాకీ కట్టలేక మూతపడిన ఆ భవనాన్ని తరువాత నిలబెట్టినప్పుడు, 1975 నుంచి అభిమానుల సంఘమొకటి పాత నమూనాలనే మళ్లీ నేయించింది. మరమ్మతు అంటే అక్కడ ఆ చేతిపనిని మళ్లీ నేర్చుకోవడమే.

ఇదంతా మన పాఠకులకు చెప్పడానికి కారణం తెలంగాణాలోని గడీలు. కొన్ని కూలిపోయాయి, కొన్నింటిలో బడులూ ఆఫీసులూ నడిచాయి; ఇప్పుడు మిగిలినవాటికి సున్నం కొట్టాలన్న మాట వినిపిస్తున్నది. 1946 జూలై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు బలియైన దొడ్డి కొమరయ్య పేరు మనకు తెలుసు. నీళ్లు మోసిన, బట్టలు ఉతికిన, కుండలు దింపిన, చెప్పులు కుట్టిన వెట్టివాళ్ల పేర్లు చాలావరకు తెలియవు. వాళ్ల మనుమలు ఆ ఊళ్లలోనే వున్నారు. సెలవుల్లో ఊరికి వెళ్లే విద్యార్థులు గడీ చెక్కతలుపు ఫొటో తీసే ముందు వాళ్లను అడగవలసినవి కొన్ని వున్నాయి: వెట్టివాళ్లు లోపలికి వచ్చిన దారి ఏది? చెప్పులు ఎక్కడ విడిచేవారు? ధాన్యపు పాతర ఏ మూల? నీళ్ల గాబు ఎవరు నింపేవారు? ఆ గోడలు ఇంకా వున్నాయా, లేక ముందుగా కూల్చినవి అవేనా?