విప్పడానికి వీలైన వాల్వు

పంపు చెడిందంటే చాలాసార్లు అసలు చెడేది దానిలోని చెక్ వాల్వు. ద్రవాన్ని ముందుకు పోనిచ్చి, వెనక్కి మళ్లగానే మూసుకుపోయే ఆ ముక్కను మన దగ్గర ఎన్నార్వీ అంటాం, బావి అడుగున ఉంటే ఫుట్‌వాల్వు అంటాం. పిస్టన్ పంపుకి ఇవి కనీసం రెండు కావాలి. పీల్చేటప్పుడు ఒకటి తెరుచుకుంటుంది, నెట్టేటప్పుడు రెండోది. రెండు వేల ఏళ్లకు పైబడిన వీటి చరిత్ర చదివితే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పీడనం పెరిగేకొద్దీ ఇంజినీర్లు అరగని వాల్వు కోసం వెతకడం తగ్గించారు. అరిగేది ఏ ముక్కో ముందే తేల్చి, అది తేలిగ్గా బయటికి వచ్చేలా పంపుని గీయడం మొదలుపెట్టారు.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్టెసిబియస్ ఈ రకం పంపుకి ఆద్యుడని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. అదే నగరానికి చెందిన హీరాన్ నిప్పులార్పే జంట సిలిండర్ల పంపుని వర్ణిస్తూ వాల్వు గురించి శ్రద్ధగా చెప్పాడు. గుండ్రటి రంధ్రం, దాని మీద నున్నగా సానబట్టిన మూత, ఆ మూత పక్కకి జరగకుండా మధ్యలో ఒక కడ్డీ, మూత ఎగిరిపోకుండా కడ్డీ చివర చిన్న తల. ఈనాటి వాల్వుని విప్పి చూసినా సీటు, డిస్కు, గైడు, స్టాపు అనే ఈ నాలుగే ఉంటాయి. ఇటలీలోని బోల్సేనాలో దొరికిన రోమన్ కంచు పంపులు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ తర్వాత చాలా కాలం పాటు గనుల్లోనూ బావుల్లోనూ తోలు రెక్కలే సరిపోయాయి. 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంటు తీసుకోవడంతో లెక్క మారింది. చిన్న పంపుతో కొట్టిన నీరు పెద్ద సిలిండర్లో నిలవాలి. పిడి పైకెత్తిన ప్రతిసారీ ఆ నీటిని పట్టి ఆపాల్సింది చెక్ వాల్వే. అది కారితే ఎంత కొట్టినా ప్రెస్ లేవదు.

19వ శతాబ్దంలో పంపుల వేగం పెరిగేసరికి కొత్త చిక్కు వచ్చింది. పిస్టన్ దిశ మారే క్షణానికి వాల్వు సీటు మీద కూర్చుని ఉండాలి. కాస్త ఆలస్యమైతే ద్రవం వెనక్కి తిరిగి, వాల్వుని సీటుకేసి కొడుతుంది. పెద్ద వాల్వు బరువెక్కువ, ఎక్కువ ఎత్తు లేవాలి, కాబట్టి ఆలస్యమూ ఎక్కువే. దీనికి ఒక పరిష్కారం, పెద్ద వాల్వు స్థానంలో స్ప్రింగులున్న చిన్న రబ్బరు డిస్కులు చాలా పెట్టడం. ఆస్ట్రియన్ ఇంజినీరు అలోయిస్ రీడ్లర్ మరో దారి పట్టాడు. పెద్ద వాల్వునే ఉంచి, దాన్ని సమయానికి యంత్రమే మూసేలా చేశాడు. 1894లో బోస్టన్ దగ్గర చెస్ట్‌నట్ హిల్ నీటి కేంద్రంలో ఇలాంటి వాల్వులతో కట్టిన లెవిట్-రీడ్లర్ ఇంజిన్ ఇప్పటికీ మ్యూజియంలో నిలబడి ఉంది. అది గొప్ప పనితనం, సందేహం లేదు. కానీ నిత్యం పంపు దగ్గర ఉండే ఫిట్టర్ వైపు నుంచి చూస్తే నాకు చిన్న డిస్కులే మేలనిపిస్తాయి. ఒకటి చిరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

వాల్వుకి అసలు గడ్డుకాలం చమురు బావులతో వచ్చింది. 1901 జనవరి 10న టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మింది. అక్కడ బావి తవ్విన హామిల్ సోదరులు డ్రిల్లింగుకి బురద కావాల్సి వచ్చి నీటిగుంటలో పశువుల్ని తోలి తొక్కించారని చెబుతారు. బురదని బావిలోకి కొట్టే మడ్ పంపులోకి దానితో పాటు ఇసుకా వస్తుంది. మూసుకునే వేళ ఒక్క ఇసుక రేణువు సీటు మీద ఇరుక్కుంటే చాలు, సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోంచి అధిక పీడనంతో దూకే బురద ఉక్కుని కోసేస్తుంది. రిగ్గు మీద దీన్ని వాష్‌అవుట్ అంటారు. అందుకే మడ్ పంపు వాల్వుకి అంచున రబ్బరు లేదా పాలీయూరిథేన్ ఇన్సర్టు ఉంటుంది. అది ముందుగా తగిలి, రేణువు చుట్టూ అణిగి సందుని మూస్తుంది. బరువు మోసే పని లోహానిది.

ఈ పంపుల్లో సీటుని మరలతో కాకుండా టేపర్లో దిగ్గొడతారు. పీడనం దాన్ని ఇంకా బిగిస్తుంది. కారకుండా ఉండటానికి అది మేలు, మార్చాల్సి వచ్చినప్పుడు అదే తంటా. పుల్లర్ లేకుండా సీటు ఊడిరాదు. డిజైనర్ పడే అసలు తర్జనభర్జన ఇక్కడే. వాల్వుల్ని ఒకదాని మీద ఒకటి పెడితే పంపు చిన్నదవుతుంది, కానీ కింది సీటు తియ్యాలంటే ముందు పై సీటు తియ్యాలి. వాటిని విడదీసి ఎల్ ఆకారంలో అమర్చితే బరువూ, లోపల వృథాగా మిగిలే ఖాళీ జాగా పెరుగుతాయి. అయినా ఏ వాల్వుకి ఆ వాల్వు విడిగా చేతికొస్తుంది. 20వ శతాబ్దం రెండో సగంలో రెండు సిలిండర్ల డబుల్ యాక్టింగ్ పంపులు పోయి మూడు సిలిండర్లవి వచ్చాయి. దాంతో వాల్వులు ఎనిమిది నుంచి ఆరుకి తగ్గాయి. కృష్ణా-గోదావరి బేసిన్ రిగ్గుల మీదా పనిచేసేది మడ్ పంపులే.

ఉక్కుని నీటితో కోసే వాటర్‌జెట్ యంత్రాల్లో పీడనం 4,000 బార్‌ని కూడా దాటుతుంది. అక్కడ లోహపు అలసట కూడా శత్రువే. ప్రతి స్ట్రోకుకీ వాల్వు బాడీ మీద పీడనం పడుతూ లేస్తూ చివరికి పగులు పుడుతుంది. సీటుని చదునుగా చేసిన డిజైన్లలో, అరిగిన ముఖాన్ని సానపట్టి మళ్లీ వాడుకోవచ్చు.

మనకి బాగా దగ్గరి పంపులు రెండున్నాయి. గుంటూరు మిరప చేలల్లో మందు కొట్టే మూడు పిస్టన్ల పవర్ స్ప్రేయర్ 20-40 బార్ మీద నడుస్తుంది. కలిసీ కలవని పొడి మందో, కాలవ నీటిలోని మట్టో ఒక వాల్వులో ఇరుక్కుంటే గేజి ముల్లు వణుకుతుంది, చేతిలో పైపు ఎగిరెగిరి పడుతుంది. మూతలు విప్పి వాల్వులు కడుక్కోగలిగిన రైతుకి ఆ పూట పని ఆగదు.

రెండోది హైదరాబాద్ మందుల కంపెనీల్లో, మందులోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రపు పంపు. 400 బార్ పీడనం, నిమిషానికి ఒక మిల్లీలీటరు ప్రవాహం. సాధారణంగా ఇందులో సఫైర్ సీటు మీద కెంపు గోళీ ఉంటుంది, చాలావాటిలో స్ప్రింగు కూడా ఉండదు. అందుకే వాల్వుని బాణం గుర్తు పైకి ఉండేలా నిలువుగానే బిగించాలి. అసిటోనైట్రైల్ వాడినప్పుడు పేరుకునే జిగురుతో గోళీ అతుక్కుంటే పీడనం ఊగుతుంది, గ్రాఫులో పీకులు రావాల్సిన సమయానికి రావు. అప్పుడు అనలిస్టు స్పానరుతో వాల్వుని విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బీకరులో వేసి సోనికేటర్లో పెడతాడు. కొన్ని పంపుల్లో ఇన్‌లెట్ వాల్వుని సోలినాయిడ్ నడుపుతుంది. రీడ్లర్ ఆలోచనే అది, సైజు మాత్రం బొటనవేలంత. దాన్ని కూడా లోపలి కార్ట్రిడ్జి విడిగా ఊడివచ్చేలానే చేశారు.