కొత్తగా పుట్టిన పాత ఇళ్లు

ముంబైలో ఓవల్ మైదానానికి పడమటి వైపునా, మెరీన్ డ్రైవ్ పొడుగునా ఉన్న అపార్ట్‌మెంట్లను ఇవాళ అందరూ ఆర్ట్ డెకో ఇళ్లంటున్నారు. తమాషా ఏమిటంటే, ఆ పేరు ఆ ఇళ్లకన్నా వయసులో చిన్నది. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన పేరులోంచి పుట్టినా, కళా చరిత్రకారుడు బెవిస్ హిలియర్ 1968లో దాని మీద పుస్తకం రాశాకే ఆ మాట నలుగురి నోటా పడింది. 1930లలో వాటిలో అద్దెకు దిగినవాళ్లకు అవి మోడర్న్ ఇళ్లు, అంతే. ఇప్పుడు అలాంటి ఫ్లాటును బాగుచేయించుకునేవాళ్లు పాతదనం కాపాడాలా, కొత్తదనం తేవాలా అని మథనపడుతుంటారు. ఆ ఇంటి పుట్టుక తెలిస్తే, ప్రశ్నే తప్పని తేలుతుంది. కొత్తా పాతా ఒకే కప్పు కింద ఉండడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

అసలు ఆ నేలే కొత్తది. బ్యాక్ బే సముద్రాన్ని పూడ్చి తీసిన స్థలం అది. కట్టిన పద్ధతీ కొత్తదే. ఇనుప చువ్వల కాంక్రీటు వచ్చింది గనకే బాల్కనీలు గుండ్రంగా తిరిగాయి, కిటికీల మీద సన్‌షేడ్లు కనుబొమల్లా ముందుకొచ్చాయి. 1937లో భారతీయ ఆర్కిటెక్టుల సంస్థ బొంబాయి టౌన్ హాల్లో 'ఐడియల్ హోమ్' ప్రదర్శన పెట్టి, కొత్త ఫర్నిచరుతో, కరెంటు సామానుతో గదులు అమర్చి చూపించింది. అంటే ఇంటీరియర్ డిజైన్ మోజు మన తరంతో మొదలైందేమీ కాదు. అయితే ఈ మోడర్న్ గదుల్లో వస్తువులన్నీ యంత్రాలు చేసి పంపినవి కావు. మొజాయిక్ గచ్చును మనుషులు అక్కడికక్కడే పోసి అరగదీశారు. భారత్ టైల్స్ సంస్థ 1922 నుంచి స్వదేశీ ఉత్సాహంతో చేసిన రంగుల సిమెంటు బిళ్లలు చేత్తో అచ్చుల్లో పోసినవే. కట్టిన చేతుల సంగతికొస్తే, నిజాం ఇలాకా నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లిన తెలుగు కామాఠీల పేరే బొంబాయిలోని కామాఠీపురాకు వచ్చింది. బొంబాయి కట్టడాల పనుల్లో వాళ్ల చెమట చాలా ఉంది. ఫలానా భవనానికి ఎవరు తట్ట మోశారో మాత్రం ఏ శిలాఫలకమూ చెప్పదు.

మరి ఇన్నేళ్లు ఆ గచ్చూ, ఆ ఇళ్ల టేకు తలుపులూ ఎలా నిలిచాయి? మనవాళ్ల అభిరుచి కాపాడిందనుకుంటే పొరపాటు. చాలావరకు కాపాడింది అద్దె చట్టం. 1947 నాటి బొంబాయి చట్టం అద్దెను 1940 సెప్టెంబరు నాటి స్థాయి దగ్గర కట్టేసింది. ఆ అద్దెతో రిపేరు చేయించే ఓనరు లేడు. తనది కాని ఇంటి మీద డబ్బు పోసే కిరాయిదారూ తక్కువే. వాళ్ల నిర్లక్ష్యమే ఇంటి లోపలి భాగాలకు మ్యూజియం అద్దాలపెట్టె అయింది. 2018లో యునెస్కో ఈ ప్రాంతంలోని విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవనాలు 94ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనం మెచ్చుకున్న దానిలో కొంత ఆ పీనాసి అద్దెల పుణ్యం.

అలా అయితే దేన్నీ ముట్టుకోకుండా వదిలేద్దామని కొందరంటారు. ఆ వాదన ఉప్పుగాలి ముందు నిలవదు. సముద్రపు తేమకు కాంక్రీటు లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. రెండు ఫ్యాన్లకూ నాలుగు బల్బులకూ వేసిన వైరింగ్ ఏసీల బరువు మోయలేదు. వైర్లూ పైపులూ మార్చాల్సిందే, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఇంకొందరు దీనికి ఎదురు కొసకు పోయి, ఆధునికంగా పుట్టిన ఇల్లే కదా, అంతా పీకేసి ఇటాలియన్ మార్బుల్ పరిస్తే తప్పేమిటంటారు. వినడానికి ఇది గట్టి వాదనే. అయితే ఫ్యాషన్ వేరు, పనితనం వేరు. ఫ్యాషన్‌ను మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ గదిలోనే పోసి, ఆ గది మూలలకు తగ్గట్టు అరగదీసిన గచ్చును కొనలేం.

ముంబై చోర్ బజారు నుంచి తెచ్చిన పాత బీరువా పక్కన ఇవాళ్టి సాదా సోఫా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఏది ఎప్పటిదో రెండూ నిజమే చెబుతాయి. నిన్న చేసి ఇసుక కాగితంతో రుద్ది 'వింటేజ్' అని అమ్మే బల్లతోనే పేచీ. చారిత్రక కట్టడాల కోసం 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడిక కూడా, తప్పనిసరిగా చేర్చేదాని మీద చేర్చిన కాలపు ముద్ర కనబడాలనే చెప్పింది. ఫ్లాటు తాజ్ మహల్ కాదు, నిజమే. ఆ ఒడంబడిక మాట మాత్రం వంటింటి కొత్త అరలకూ వర్తిస్తుంది. మీ ఇంట్లో అలాంటి మొజాయిక్ ఉండి, పైపుల కోసం కొంత తవ్వక తప్పకపోతే, తీసిన పెళ్లలను చెత్తబండికి ఎక్కించకండి. గచ్చుకు అతుకు వేసేటప్పుడు రాతిముక్కల రంగూ పరిమాణమూ పోల్చుకోవడానికి మేస్త్రీకి అవే కావాలి.