శిఖ ఉన్న కొలత, శిఖ లేని కొలత

సరుకును తూచకుండా పాత్రతో కొలిచిన కాలంలో, పాత్ర ఎంత పెద్దదన్న ప్రశ్నతో పాటు అందులో పోసేది ధాన్యమా, ద్రవమా అన్నది కూడా న్యాయానికి సంబంధించిన విషయమే. తెలుగునాట సోల, తవ్వ, మానిక, కుంచం అనే మానాలు వాడుకలో ఉండేవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అన్న లెక్క విస్తృతంగా తెలిసినదే అయినా, కుంచం పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. గింజ ఘనపదార్థం కనుక తన ఆకారాన్ని వదులుకోదు. గింజలు ఒకదానినొకటి ఒరుసుకొని నిలవడం వల్ల, పాత్ర నిండిన తరువాత కూడా అంచుపైన శంఖువులా పోగుపడతాయి. ఈ పోగునే ప్రాచీనులు శిఖ అన్నారు. నూనె, పాలు వంటి ద్రవాలు పాత్ర ఆకారాన్నే పొంది, అంచు దాటగానే పొర్లిపోతాయి కనుక వాటికి శిఖ నిలవదు.

ఈ భేదాన్ని కౌటిల్యుని అర్థశాస్త్రం శాసనంగానే గుర్తించింది. చేవగల ఎండు కర్రతో చేసిన మానానికి నాలుగో వంతు శిఖ ఉండవచ్చునని, లేదా ఆ శిఖకు పట్టే చోటును పాత్ర లోపలే కలిపి చేయవచ్చునని చెప్పి, రసాలకు, అంటే ద్రవాలకు, ఈ రెండో పద్ధతినే నిర్దేశించింది.

అయినా ధాన్యం కొలతలో వివాదానికి తావు మిగిలింది. ఎత్తు నుంచి పోసినా, పాత్రను కుదిపినా గింజల మధ్య ఖాళీలు తగ్గి అదే పాత్రలో ఎక్కువ ధాన్యం పడుతుంది. ఇంగ్లండు 1835లో శిఖ కొలతను చట్టంతో రద్దు చేసింది. భారతదేశంలో 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ విధానం అమలై, ధాన్యపు అమ్మకం క్రమంగా కిలోగ్రాములకు మారింది.

వాయువుకు శిఖ మాత్రమే కాదు, సొంత మట్టం కూడా లేదు. అది పాత్ర ఎంతదైనా అంతటా వ్యాపిస్తుంది. ఉష్ణోగ్రత మారకుండా పీడనం రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమం తెలుపుతుంది. అందువల్ల పీడనం చెప్పని వాయువు కొలతకు అర్థం ఉండదు. పీడనంతో ద్రవంగా మార్చి నింపే వంటగ్యాసును సైతం 14.2 కిలోల తూకంతోనే అమ్ముతున్నారు. పోసే తీరుతోనూ, పాత్ర ఆకారంతోనూ మారని ఆ లెక్క, కొలిచేవాడి చేతివాటం నుంచి కొనేవాడికి దొరికిన గట్టి రక్షణ.