ఎడారిలో బొమ్మల కొలువు

మన పండుగలన్నీ ఋతువులతో ముడిపడినవే. కళ్ళంలో ధాన్యం, పాదు మీద గుమ్మడిపువ్వు, వాకిట్లో కళ్ళాపి ఉంటేనే సంక్రాంతి ముగ్గుకూ, గొబ్బెమ్మకూ అర్థం. కువైట్‌లో ఇవేవీ ఉండవు. అపార్టుమెంటు నడవాలో కళ్ళాపి చల్లితే హారిసు ఊరుకోడు. అయినా ఈ దేశానికీ ఒక పండుగ ఋతువు ఉంది. ఎనిమిది నెలల ఎండ తరువాత నవంబరులో గాలి చల్లబడుతుంది. సాధారణంగా ఆ నెల మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి మునిసిపాలిటీ అనుమతిస్తుంది. వాన పడిన ఏడు ఇసుక మీద పచ్చిక మొలుస్తుంది, అర్ఫజ్ పొదలు పచ్చని పూలు పూస్తాయి, జనం భూమిలో దాగిన ఫగా కోసం వెతుకుతారు. అలా స్నేహితులతో, కుటుంబాలతో ఎడారికి పోవడాన్ని కువైటీలు ‘కష్తా’ అంటారు. మన ధనుర్మాసమూ, సంక్రాంతీ సరిగ్గా ఈ నడిమిలోనే వస్తాయి.

మా మిత్రబృందంలో ఆరు కుటుంబాలు. డాక్టర్లం కొందరం, నాబోటి ఇంజనీర్లు కొందరు. రాయలసీమ వాళ్ళది దసరా కొలువు, గోదావరి వాళ్ళది సంక్రాంతి కొలువు. షికార్లకు అనువైన కాలం కనుక సంక్రాంతికే ఖాయం చేసుకున్నాం. చలికాలపు శుక్రవారాల్లో ఉదయం ఎక్కడికైనా వెళ్ళడం, సాయంత్రం ఒకరింట్లో చేరి ఆ చూసినదాన్ని బొమ్మగా చేయడం మాకు అలవాటయింది. కొండపల్లి వాళ్ళ తెల్లపొణికి కర్ర ఇక్కడ దొరకదు. షువైఖ్ వడ్రంగి దుకాణాల్లో మిగిలిన చెక్కముక్కలు తెచ్చుకుంటాం. కొండపల్లి పద్ధతిలోనే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి అతుకుతాం. చింతపండు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేదే గనుక గింజలకు కరువు లేదు. ఇలా చేసిన బొమ్మలతోనే మా పిల్లలకు ఈ దేశపు చరిత్ర, మన చరిత్ర రెండూ తెలిశాయి.

మొదటి మెట్టు మీద ఓడ ఉంటుంది. గల్ఫ్ రోడ్డు పక్కన చెక్క పడవలు చూసి వచ్చిన సాయంత్రం చేసినది. 1946లో నూనె ఎగుమతి మొదలయ్యేదాకా కువైట్ బతుకంతా సముద్రం మీదే. వేసవిలో ముత్యాల వేట. వేట ముగిశాక పెద్ద ‘బూమ్’ ఓడలు బస్రా ఖర్జూరం ఎక్కించుకొని మన పడమటి తీరానికి వచ్చేవి. ఆ ఓడలకు కావలసిన టేకు కలప మలబారు నుంచి వచ్చినదే. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లిన నాణెం మన రూపాయే. మనం వాళ్ళ దేశానికి రాకముందే వాళ్ళు మన దేశానికి వచ్చేవారని చెబితే పిల్లలు మొదట నమ్మలేదు.

రెండో మెట్టు మీద గుడారం. మేకవెంట్రుకలతో నేసిన నల్లని గుడారంలో ఆడవారి వైపునూ, మగవారి వైపునూ వేరుచేసే తెర ఉంటుంది. ఆ తెర నేతను ‘సదూ’ అంటారు. నేల మీద పరచిన మగ్గం మీద గొర్రె ఉన్ని, ఒంటె వెంట్రుకలతో బెదూయిన్ స్త్రీలు నేసేవారు. జనం గుడారాలు విడిచి సిమెంటు ఇళ్ళకు చేరాక ఆ విద్య అడుగంటిపోతుందని కొందరు కువైటీలు 1979లో దానిని నిలబెట్టే పని మొదలుపెట్టారు. జాతీయ మ్యూజియం దగ్గరి సదూ భవనం ఆ కృషి ఫలితమే. 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో సదూను చేర్చింది. అక్కడి తెరల మీది చుక్కలు, త్రికోణాలు చూసి మా ఆవిడ, “ఇది మన ముగ్గేనండీ, నూలుతో వేశారంతే” అంది. ఏ పుస్తకమూ లేకుండా తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చినవే రెండూ. అలాంటి పోలిక మరొకటుంది. రంజాను నడిమి రాత్రుల్లో ఇక్కడి పిల్లలు పాటలు పాడుతూ ఇంటింటికీ వెళ్ళి గింజలు, మిఠాయిలు తెచ్చుకుంటారు. దాని పేరు గర్గియాన్. దసరాకు పంతుళ్ళ వెంట తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకున్న మన పెద్దలకు దానిని విడమరిచి చెప్పక్కర్లేదు.

మూడో మెట్టు ఫైలకా దీవిది. రేవు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం. పడవ మీద వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. 1958లో డెన్మార్కు పురాతత్త్వవేత్తలు అక్కడ తవ్వకాలు ప్రారంభించారు. నాలుగువేల ఏళ్ళనాటి దిల్మున్ రాతి ముద్రలు వందలాదిగా బయటపడ్డాయి. దిల్మున్ వర్తకులకు సింధునాగరికతతో వ్యాపారముండేది. గ్రీకులు ఆ దీవిని ఇకారోస్ అన్నారు. వాళ్ళ కాలపు కోట దగ్గర మట్టిబొమ్మలు, వాటిని తీసే అచ్చులు దొరికాయి. అంటే మనకంటే రెండువేల ఏళ్ళకు పైగా ముందే పరాయిగడ్డకు వచ్చినవాళ్ళు ఇక్కడ కూర్చుని తమ దేవతల బొమ్మలు తామే చేసుకున్నారన్నమాట. ఆ మాట విన్న రోజున మా పిల్లలు చేసిన బొమ్మలకు మూతులు వంకరైనా, ఉత్సాహానికి లోటు లేదు.

అదే దీవిలో తూట్లుపడిన గోడలు కూడా ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఫైలకా వాసులను వెళ్ళగొట్టింది. ఆ ఊరు మళ్ళీ మునుపటిలా కాలేదు. అప్పుడిక్కడున్న మనవాళ్ళు బాగ్దాదు మీదుగా అమ్మాను చేరుకున్నారు. అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలు అక్టోబరు దాకా లక్షకు పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. “చేతిసంచీతో బయలుదేరాం, బొమ్మల పెట్టె అటక మీదే ఉండిపోయింది నాయనా” అని ఒక పెద్దావిడ నాతో అన్నారు. విముక్తి తరువాత కూడా చాలాకాలం ఎడారిషికార్లంటే జనం జంకారు. ఇసుక కింద లక్షల మందుపాతరలు ఉండేవి మరి.

నాలుగో మెట్టు మీద ప్రభ. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. గంగలకుర్రు ప్రభలను మనుషులు భుజాల మీద ఎత్తుకొని కౌశిక నీళ్ళలోంచి దాటిస్తారు. మా కొలువులోకి ఆ ప్రభను తెచ్చింది డాక్టర్లూ కాదు, ఇంజనీర్లూ కాదు. ఒక కువైటీ ఇంట్లో వంటచేసే అంబాజీపేట వైపు ఆవిడ. మేం అట్టముక్కలతో చేసినది చూసి, “ఇదేం ప్రభండీ బాబూ, వెదురు లేకుండా! గాలికి ఊగాలండి, అప్పుడే అది ప్రభ” అని నవ్వింది. మరుసటి శుక్రవారం వెదురుబద్దలు చీల్చి, రంగుగుడ్డలు చుట్టి, గంటలు కట్టి చూపించింది. ఆమెను మా పిల్లలు పెద్దమ్మా అంటారు.

వారాంతపు చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2007 సెప్టెంబరు దాకా ప్రభుత్వ కార్యాలయాలకు గురు, శుక్రవారాలు సెలవులు. ఆ తరువాత శుక్ర, శనివారాలయ్యాయి. ఇళ్ళలో పనిచేసేవారికి వారానికొక సెలవు చట్టప్రకారం దక్కింది 2015లో. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఎందరో మన ఆడపడుచులు ఆ పనుల్లోనే ఉన్నారు. కాగితం మీది సెలవు అందరికీ చేతికందిందని చెప్పలేను. ఆమె మా ఇంటికి రాగలిగేది నెలకు రెండు శుక్రవారాలే. మన షికారు వెనుక ఎవరి సెలవు ఉందో, ఎవరిది లేదో పిల్లలకు చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇక చివరి మాట. అమెరికా వెళ్ళినవారు ఇల్లు కొని స్థిరపడతారు. కువైట్‌లో మనకా వీలు లేదు. అకామా ఉన్నంతకాలమే ఇక్కడ ఉంటాం. పిల్లలు పన్నెండో తరగతి కాగానే కాలేజీకి వెళ్ళిపోతారు. ఏటా ఒక కుటుంబమైనా సామాను సర్దుకుంటుంది. విమానంలో తూకం పరిమితం గనుక బొమ్మలు స్నేహితుల ఇళ్ళలో మిగిలిపోతాయి. మా కొలువులో సగానికి పైగా బొమ్మలు అలా మిగిలినవే. ఓడ చేసిన మిత్రుడు హైదరాబాదులో ఉన్నాడు, గుడారం చేసిన దంపతులు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. కొత్తగా వచ్చినవారికి అవి ఎవరివో తెలియదు.

కనుక పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతికి బొమ్మలు దించినప్పుడు, ప్రతి బొమ్మ అడుగున చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాయండి. వంటావిడ చేసిన ప్రభ కింద ఆమె పేరు, డాక్టరుగారు చేసిన ఏనుగు కింద ఆయన పేరు, ఒకే కలంతో. ఇక్కడ మన పేరిట స్థలాలుండవు, వీధులుండవు. మనం ఇక్కడ బతికామనడానికి, కలిసి బతికామనడానికి, పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన ఆ బొమ్మలే సాక్ష్యం.