బి.సి.జి. టీకా: రుజువుల కథ

శ్రీకాళహస్తిలో ఏ ఉన్నత పాఠశాలకు పోయి చూచినను, చాలమంది విద్యార్థుల ఎడమ భుజముపై చిన్న గుండ్రని మచ్చ కనబడును. అది క్షయ నివారణకై వేయు బి.సి.జి. టీకా మచ్చ. పుట్టిన బిడ్డకు ప్రభుత్వమే ఉచితముగ వేయించును. ఉచితమనగా వేయించుకొనువారికి మాత్రమే. ఖర్చు ప్రజల బొక్కసము నుండియే పోవును. ఆ ఖర్చు తగినదని ఏ రుజువుతో నిర్ణయించిరి? కథ చాలవరకు శ్రీకాళహస్తి పరిసరములలోనే నడచినది.

1948లో మనదేశమున ఈ టీకా మొట్టమొదట వేసిన చోట్లలో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము అప్పటికే పేరుపొందినది. 1951లో టీకా ఉద్యమము దేశమంతటను సాగినది. 1955లో రాజాజీ దీనిని బాహాటముగ వ్యతిరేకించిరి. ఆయన భయములన్నియు నిజము కాలేదు గాని, రుజువేదన్న ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు.

ఆ రుజువునకై ఆరోగ్యవరములో డాక్టరు ఫ్రిమోట్ మోలర్ అను డెన్మార్కు వైద్యుడు, ఆయన సహచరులు 1950లోనే పూనుకొనిరి. చుట్టుపట్ల గ్రామములలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఉభయులను ఏండ్ల తరబడి గమనించిరి. తొలుత కనబడిన రక్షణ క్రమముగ సన్నగిల్లినది. అదే 1950లో బ్రిటనులో పాఠశాల విద్యార్థులపై ప్రారంభించిన పరీక్షలోనో, రక్షణ సుమారు 80 శాతము!

1968లో శ్రీకాళహస్తికి దక్షిణముగ తిరువళ్ళూరు ప్రాంతమున మరింత పెద్ద పరీక్ష మొదలైనది. సుమారు 2,60,000 మందిలో కొందరికి టీకా, మిగిలినవారికి నిరపాయమైన ద్రవము ఇచ్చిరి. ఎవరికేది ఇచ్చినదీ వేసినవారికిని తెలియదు, వేయించుకొన్నవారికిని తెలియదు. 1979లో ఫలితము వెలువడినది: పెద్దల ఊపిరితిత్తుల క్షయనుండి రక్షణ లేదు. మన మట్టిలో, నీటిలో ఉండు క్షయక్రిమి జాతి సూక్ష్మజీవులు ముందే శరీరమును ప్రభావితము చేసియుండునని శాస్త్రజ్ఞులు చూపు కారణములలో ఒకటి.

ఇప్పుడు ఒక్క బ్రిటను పరీక్షను మాత్రమే చూపి డబ్బడుగువానికి ఏమి చెప్పవలెను? తిరువళ్ళూరును మాత్రమే చూపి టీకాను మాన్పించుమనువానికో? 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు లభించిన పరీక్షలనన్నిటిని కూర్చి లెక్కింపగా, సగటు రక్షణ సుమారు 50 శాతమని తేలినది. అయితే సగటు అన్నది మోసకారి. పసిపిల్లలలో మెదడు పొరలకు సోకు క్షయ మొదలగు తీవ్రరూపములనుండి రక్షణ బాగుగనే యున్నది. అందువలననే టీకా శిశువులకు నేటికిని నిలిచినది.

బ్రిటనులో 1999లో ఏర్పడిన నైస్ సంస్థయు, మన ఆరోగ్య పరిశోధన శాఖ 2017లో నెలకొల్పిన మదింపు వ్యవస్థయు, ప్రజాధనము కోరు మందును గాని యంత్రమును గాని ఈ తీరుననే పరిశీలించును. ఎవరికి వాడుదురు? దేనితో పోల్చిరి? ఆయుష్షు, ఆరోగ్యము ఎంత పెరిగినవి, అందుకు ఖర్చెంత? అన్నిటికంటె ముందు, పరిశోధనలను ఎక్కడెక్కడ వెదకిరి, వానిలో వేనిని, ఎందుకు విడిచిరి అన్నది వ్రాతపూర్వకముగ చూపవలెను; ప్రతికూలమైన ఫలితమును సహితము జాబితాలో ఉంచవలెను.