సద్ది మూట నుంచి కర్రీ పాయింట్ దాకా

మేడ్చల్, శామీర్‌పేటల్లో బయటి తిండి కథ రెండు రోడ్ల కథ. మేడ్చల్ నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది, శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద. హోటళ్లు, దాబాలు బాటసారుల కోసం వెలిశాయి. ఊరివాళ్లకు వాటితో పని తక్కువ. పొలానికి పోయేవాళ్లు సద్ది కట్టుకుని పోయేవారు. బతుకమ్మ చివరి రోజుకు సద్దుల బతుకమ్మ అనే పేరు ఆ మాటతో వచ్చిందే. వండిన తిండిని డబ్బిచ్చి కొనడం ప్రయాణంలో తప్పనిసరైనప్పటి మాట.

హైదరాబాద్ నగరం ఉత్తరానికి పాకాక పరిస్థితి మారింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటకు వచ్చింది. 1999లో తుర్కపల్లి దగ్గర బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ, 2008లో జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ క్యాంపస్ మొదలయ్యాయి. హాస్టల్ పిల్లలు, అద్దె గదుల్లో ఉండే ఉద్యోగులు వచ్చి చేరారు. ఫుడ్ డెలివరీ యాప్‌లు కోరుకునే గిరాకీ ఇదే. బెంగళూరులో స్విగ్గీ 2014లో పుట్టింది. జొమాటో అంతకు ముందే, 2008లో, ఫుడీబే పేరుతో మెనూ కార్డులు చూపించే సైటుగా మొదలైంది.

అయినా పాత కుటుంబాలు యాప్ జోలికి పోవడానికి వెనకాడాయి. కొత్త వస్తువును జనం ఎందుకు కాదంటారో 1989లో రామ్, జగదీశ్ సేఠ్ అనే పరిశోధకులు ఐదు అడ్డంకులుగా చెప్పారు: వాడకం, విలువ, భయం, సంప్రదాయం, దాని మీద పడిన ముద్ర. శివారుల్లో మొదటి అడ్డంకి చిరునామాయే. ఇక్కడ ఇల్లు గుర్తుపట్టేది నంబరుతో కాదు, గుడితో, నీళ్ల ట్యాంకుతో. డెలివరీ కుర్రాడికి ఫోన్లో దారి చెప్పేలోపు కూర చల్లారుతుంది. ఖర్చు సంగతీ ఉంది. రెస్టారెంట్లు కమీషన్‌ను లెక్కేసుకుని యాప్‌లో ధర పెంచుతాయి, దాని మీద డెలివరీ చార్జీ. 2023 ఏప్రిల్‌లో స్విగ్గీ 2 రూపాయల ప్లాట్‌ఫామ్ ఫీజును మొదట వేసిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

భయానికి ప్రభుత్వ ముద్ర కూడా పడింది. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో పిజ్జా డెలివరీ చేసిన వ్యక్తికి కరోనా అని తేలడంతో, తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్ 20 నుంచి స్విగ్గీ, జొమాటో సేవలను ఆపేసింది. 2024 అక్టోబర్‌లో పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఎవరు వండారో, ఏ నూనె వాడారో తెలియని తిండి మీద ఉన్న అనుమానం ఇలాంటి వార్తలతో ముదిరింది.

యాప్‌కు అసలు పోటీ దాబా కాదు, కర్రీ పాయింట్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లు పెరిగాక తెలుగు పట్టణాలన్నిటా పాతుకుపోయిన వ్యాపారం ఇది. పప్పు, పులుసు, వేపుడు గిన్నెల్లో కళ్లముందే ఉంటాయి. వాసన చూసి, ఉప్పు సంగతి అడిగి, ప్యాకెట్ కట్టించుకోవచ్చు. నిన్న బాగాలేకపోతే ఇవాళ మొహం మీదే చెప్పొచ్చు. అన్నం మాత్రం ఇంటి కుక్కర్‌లోదే. ఇల్లాలి వంట పూర్తిగా పోలేదన్న తృప్తీ అందులో ఉంది, కాస్త ఆత్మవంచన ఉన్నా సరే. యాప్ ఏకంగా భోజనాన్నే అమ్ముతుంది. ఇక్కడి ఇళ్లకు కావలసింది సగం భోజనమే.